పడమటి గది నాది కాదని రాసి పంపు

రంగూను నుంచి,
రంజాన్ పదో రోజు.

బేతంచెర్లలో ఉన్న మా అన్న హుసేనయ్యకు తమ్ముడు దస్తగిరి సలాములు చేసి రాసేది. అమ్మ కాళ్లు పట్టుకున్నానని చెప్పు. ఇక్కడ నేను, నాగూరమ్మ, పాప మస్తానమ్మ ఒంట్లో బాగానే ఉన్నాము. అమ్మ మోకాళ్ల నొప్పులు ఎట్లున్నాయి, వదినకు దగ్గు తగ్గిందా, పిల్లలు ఎట్లున్నారు, ఒక్కొక్కరి పేరు పెట్టి రాయి. పోయిన జాబులో "అందరూ బాగున్నారు" అని ఒక్క మాటలో తేల్చేశావు. అందరూ అంటే ఎవరెవరని నాగూరమ్మ నన్నడిగింది. నేనేం చెప్పేది.

ఈ జాబు ముందు నువ్వొక్కడివే చదువుకో. అమ్మకు ఎంత చదివి వినిపించాలో తర్వాత నీకే తెలుస్తుంది.

ఇక్కడ వానలు ఇంకా వదల్లేదు. మన దగ్గర మబ్బు కనపడితే పనులు మానుకుని చూస్తాము కదా, ఇక్కడ ఎండ కనపడితే అట్లా చూస్తారు. చెప్పులకు బూజు పట్టింది. దూది నెమ్ము పట్టి, ఎంత ఏకినా ముద్దముద్దగానే ఉంటుంది. ఇక్కడ పరుపుల్లో ఎక్కువగా బూరుగు దూదే నింపుతారు. ముక్కులోకి పోయే ఆ నూగు అలవాటే అనుకో. రోజూ అన్నమే. జొన్నరొట్టె తిని ఏడు వారాలైంది. పోయినసారి వదిన కట్టిచ్చిన ఎండుమిరపకాయలు ఇంకా గుప్పెడు ఉన్నాయి. నాగూరమ్మ లెక్కపెట్టి వేస్తోంది. మనవాళ్లెవరైనా వస్తుంటే ఇంకాసిని పంపు. కానీ కొత్త చట్టం వచ్చినాక మనవాళ్లు ఎవరూ సులువుగా రాలేరులే.

ఆ చట్టం సంగతే రాయాలని కూర్చున్నాను. వచ్చినాక రెండు జాబులు రాశాను, రెండింటిలోనూ సుఖంగా చేరాను, పని చేసుకుంటున్నాను అన్నాను. చేరింది నిజం. పని పదిరోజులే చేశాను.

జరిగింది ఇది. నాయనకు బాగలేదని తెలిసి నేను ఊరికి వచ్చినప్పుడు రంగూనుకు రానూపోనూ ఏ కాగితమూ అక్కర్లేదు, టికెట్టు ఉంటే చాలు. పన్నెండేండ్లుగా అట్లనే తిరిగాను. నాయన పోయి, నలభై దినాల ఫాతేహా అయ్యేలోపల ఇక్కడ చట్టం మారింది. మద్రాసులో నాలుగు దినాలు పడిగాపులు పడి పాసుపోర్టు చేయించుకుని ఓడ ఎక్కాను. రంగూను రేవులో దిగినాక ఒక్కొక్కరినీ బల్ల ముందర నిలబెట్టి అడుగుతున్నారు. దొర అడుగుతాడు, పక్కన కోస్తా మనిషి ఒకాయన తెలుగులో చెబుతాడు. నా వంతు వచ్చింది.

"నీ ఇల్లెక్కడ?" అన్నాడు.

బేతంచెర్ల అన్నాను. ఇంకేమంటాను, అన్నా? ఇల్లెక్కడ అంటే మనలో ఎవడైనా తాతతండ్రుల గోరీలున్న ఊరే చెబుతాడు. అంతటితో ఆగినా సరిపోయేదేమో. ఇక్కడ ఎన్నాళ్లుంటావు అని అడిగాడు. చావు జరిగిన ఇంటి గడప దాటేవాడు తిరిగొచ్చే దినం చెప్పి దాటాలని అమ్మ నన్ను నిలబెట్టి చెప్పించింది కదా, నువ్వూ అక్కడే ఉన్నావు. ఏడాది ఫాతేహాకు వస్తానని చెప్పి దాటాను. ఆ మాటే నోట్లో ఉంది. "నాయన ఏడాది ఫాతేహాకు ఇంటికి పోవల్లప్పా, అమ్మకు మాటిచ్చి వచ్చినా" అన్నాను. ఆయన దొరకు ఏదో చెప్పాడు. దొర ముద్ర కొట్టాడు. నేను సలాం చేసి వచ్చేశాను. సలాం కూడా చేశాను, చూడు నా తెలివి.

పదిరోజులు పరుపుల అంగడికి పోయాను. పదకొండో రోజు అంగడి యజమాని, అందరి కాగితాలూ చూడమని పోలీసులు చెప్పిపోయారని, తెమ్మన్నాడు. చూసిన గుమాస్తా ముఖం అదోలా పెట్టాడు. అది చూసిపోయేవాళ్లకు వేసే ముద్రంట. ఊరు చూడ్డానికి, చుట్టాలను చూడ్డానికి వచ్చేవాళ్లకు. మూడు నెలలు గడువు, ఆలోపల ఏ పనీ చేయకూడదు, గడువు దాటితే ఓడెక్కించి పంపిస్తారు. ఒకసారి అట్లా పంపితే మళ్లీ రానివ్వడం కష్టమంట. పన్నెండేండ్లుగా ఈ ఊళ్లో పరుపులు కుడుతున్నవాణ్ణి చుట్టపుచూపుకు వచ్చినవాడిగా రాసేశారు. యజమాని మంచోడే. కాగితం సరయ్యేదాకా రావద్దు, దూదేకే నీ విల్లు ఇంటికి తీసుకుపో అన్నాడు.

అప్పటినుంచి ఇంట్లో కూర్చున్నాను. నాగూరమ్మ పరుపు గలేబులు తెచ్చుకుని ఇంట్లో కుడుతోంది. ఆమె కాగితం, పాప కాగితం బాగానే ఉన్నాయి, వాళ్లు ఊరు దాటలేదు కాబట్టి. తప్పంతా నా దాంట్లోనే. పక్కింటివాడొకడు వచ్చి, బ్లేడుతో మెల్లగా గీకి నిమ్మరసం పెడితే ముద్ర పోతుంది, పైన వేరేది కొట్టించుకోవచ్చు, నాకు తెలిసినవాడున్నాడు అన్నాడు. నాగూరమ్మ వానికి టీ ఇచ్చి పంపేసి, "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అనింది. ఆమె చెప్పింది నిజమే. గీకినవాడొకణ్ణి జైల్లో పెట్టారని తర్వాత విన్నాము.

అర్జీలు రాసే రాజమండ్రి ఆయన దగ్గరికి పోయాను. ముద్ర తప్పుగా పడితే దాన్ని ముట్టుకోవద్దు, దాచిపెట్టుకోవద్దు, గడువు ఉండగానే నీ అంతట నువ్వే పోయి తప్పు పడిందని చెప్పుకో, గడువు దాటినాక చెబితే ఎవరూ వినరు అని ఆయన చెప్పాడు. మొదటిసారి ఓడ దిగినప్పుడు అమ్మవారు పోయకుండా టీకా వేసి ఇచ్చిన చీటీ, పాప పుట్టినప్పుడు రాయించిన కాగితం, అంగడి యజమాని రాసిచ్చిన జాబు, అన్నీ కలిపి అర్జీ రాశాడు. రేవు ఆఫీసుకు పోతే ఇక్కడ కాదన్నారు. పెద్ద ఆఫీసుకు పోతే రేపు రమ్మన్నారు. రేపంటే వాళ్ల లెక్కలో పదకొండు రోజులు. రోజూ తెల్లారి పోయి అరుగుమీద కూర్చునేవాణ్ణి. నాకు విసుగు రాలేదు, కోపం రాలేదు. పక్కన కూర్చున్నవాళ్లు అరిచేవాళ్లు, ఏడ్చేవాళ్లు. నేను వాళ్లను చూస్తూ ఉండేవాణ్ణి. నాయన పోయినప్పటినుంచీ ఇట్లనే ఉన్నాను, అన్నా. మట్టి వేసేటప్పుడు నువ్వు ఏడ్చావు, నేను ఏడవలేదు. ఊళ్లోవాళ్లు ఏమనుకున్నారో ఏమో. నాకు ఏమీ అనిపించడం లేదు. తింటాను, పడుకుంటాను, పాప ఏదన్నా అడిగితే చెబుతాను.

మొన్న లోపలికి పిలిచారు. అధికారి నా కాగితాలన్నీ చూశాడు, అర్జీ చూశాడు. అప్పుడు ఒక పెద్ద పుస్తకం తెప్పించి, రేవులో నేను చెప్పిన జవాబులు చదివించాడు. అక్కడ కూడా తెలుగు చెప్పే మనిషి ఉన్నాడు, వేరే ఆయన. ఇల్లు బేతంచెర్ల, తల్లి ఉంది, ఏడాదిలోపల తిరిగిపోతాడు అని రాసి ఉందంట. ముద్ర తప్పు కాదు, నువ్వు చెప్పినదానికి సరిగ్గానే వేశారు అన్నాడు. తర్వాత ఆ మనిషి నా వైపు తిరిగి, "అప్పుడు చెప్పింది నిజమా, ఇప్పుడు చెప్పేది నిజమా? రెండూ కుదరవు" అన్నాడు.

నాయన పోయేముందు మనిద్దరినీ పిలిచి చెప్పిన మాట నాకు గుర్తొచ్చింది. "పడమటి గది చిన్నోనిది. వాడు యాడున్నా ఈడికే రావల్ల" అన్నాడు. నువ్వు సరేనన్నావు. నేనూ తలాడించాను. అది గుర్తొచ్చింది, అంతే. బాధ రాలేదు.

ఇక్కడ ఉండాలంటే నా ఇల్లు ఇదేనని, అక్కడ నాకు ఇల్లూ వాకిలీ లేదని, పోయి ఉండే ఉద్దేశం లేదని ప్రమాణం చేయాలంట. లేకపోతే గడువునాడు ఓడెక్కాలి. ఎక్కి వచ్చి ఏం చేసేది? మిల్లులు వచ్చినాక బేతంచెర్లలో దూదేకమని మనల్ని పిలిచేవాడెవడు? నువ్వే విల్లు దించి రాళ్లు మోయడానికి పోతున్నావు. మూడేండ్లుగా వానలు లేవు. నీ కూలీ మీద ఇంకో మూడు నోళ్లా? నాగూరమ్మనూ పాపనూ ఇక్కడ వదిలి రాలేను, తీసుకొస్తే మళ్లీ ఇక్కడికి రాలేము. రెంటికీ చెడ్డ రేవడినవుతాను.

కురాన్ తెచ్చి ముందు పెట్టారు. ఉపవాసం ఉన్నాను. చెయ్యి పెట్టి చెప్పాను. "నా ఇల్లు ఈడనే ఉండాది. బేతంచెర్లలో నాకేమీ లేదు." అధికారి రాసుకుని, ముద్ర పక్కన ఎర్ర సిరాతో ఏదో గీసి, ఇంకొక్కటి కావాలన్నాడు. ఆ ఊళ్లో ఉన్న అన్న, ఇంట్లో ఇతనికి భాగం లేదని కరణం ముందర సంతకం చేసి పంపాలి. అది వస్తే పాత ముద్ర కొట్టేసి కొత్తది వేస్తాడు. రంజాన్ పండుగ అయిన మూడు వారాలకు నా గడువు ముగుస్తుంది. జాబు చేరడానికి పది దినాలు, రావడానికి పది దినాలు. అందుకని ఈ జాబు అందిన రోజే కరణం దగ్గరికి పో. అర్జీ ఆయన ఎట్లా రాయాలో రాసిచ్చాడు, ఇందులోనే పెట్టాను. దాన్ని చూసి ఉన్నదున్నట్టు రాయించు, నీ తెలివితేటలు కలపొద్దు.

ఇంకో సంగతి. ఈసారి ఊరు దాటి వస్తే మళ్లీ బల్ల ముందర నిలబడాలి. అందుకని నాయన ఏడాది ఫాతేహాకు నేను రాను. దినం చెప్పి గడప దాటాను, అయినా రాను. అమ్మతో ఇది ఎట్లా చెబుతావో నాకు తెలియదు. యుద్ధం వస్తుందంటున్నారు, ఓడలు ఉండవని చెప్పు. ఇక్కడ కొందరు అట్లనే అంటున్నారు, అబద్ధమేమీ కాదు. బాంబులు పడితే దాక్కోవడానికని ఊళ్లో అక్కడక్కడ గుంటలు కూడా తవ్వుతున్నారు. మాకేమీ భయం లేదు, నువ్వు కంగారు పడొద్దు.

అన్నా, కురాన్ మీద చెయ్యి పెట్టినప్పుడు నా నోరు తడబడుతుందనుకున్నాను. ఆ తెలుగాయన కూడా నా ముఖమే చూస్తున్నాడు. తడబడలేదు. రేవులో ఇల్లెక్కడంటే బేతంచెర్ల అని ఎంత సులువుగా వచ్చిందో, ఇదీ అంతే సులువుగా వచ్చింది. రెండింటిలో అబద్ధం ఏదో ఇప్పుడు నాకు తెలియడం లేదు. నాకు భయం దానికే.

అమ్మకు, వదినకు, నాయన గోరీ దగ్గర దీపం పెట్టే ఫకీరు తాతకు మా ముగ్గురి సలాములు. పిల్లలకు ముద్దులు. పెద్దలను నా కోసం దువా చేయమని అడిగానని చెప్పు. పడమటి గది ఖాళీగా పెట్టొద్దు. అమ్మ దగ్గర తాళంచెవి తీసుకుని వదినకు ఇవ్వు. ఏమన్నా పండితే అందులో పోసుకోండి.

నీ తమ్ముడు,
దస్తగిరి