కనిపించని ప్లాటినం

కేప్‌టౌన్, జూన్ 9

అమ్మా, నేను క్షేమం. పోయిన కార్డు చదివి పెట్టుకున్న బెంగ ఇక వదిలెయ్యి.

తెల్లటి ఆక్సైడు పొడి మీద చిటికెడు ప్లాటినం పరచమన్నారని రాశాను కదా. గురువారం మైక్రోస్కోపులో చూస్తే పొడి ఉంది, ప్లాటినం ఒక్క రేణువూ లేదు. తోటి విద్యార్థి లుఖాన్యో అందరి ముందూ నా భక్తిని వెక్కిరిస్తూ, "ఏం సిస్టరమ్మా, ప్లాటినమంతా సింకులో పోసేసి ప్రార్థన చేసుకుంటున్నావా?" అన్నాడు. ల్యాబు నుంచి పంపేస్తారనుకున్నాను.

ఈరోజు ఆ పొడిని ఆమ్లంలో కరిగించి కొలిచారు. వేసిన ప్లాటినమంతా అందులోనే ఉంది! మా అరెండ్సే మేడమ్ నవ్వి, "ముద్ద కట్టుంటే కనపడేదే పిల్లా. ఏ పరమాణువుకా పరమాణువు విడిగా పరుచుకుంది. మనక్కావలసింది అదేగా!" అన్నారు. లుఖాన్యో టీ పెట్టి తెచ్చాడు.

ఇక్కడ వాన, చలి. పిన్ని బస్సులో వచ్చేటప్పుడు నా నీలం స్వెటరూ, కూరకి ఎండబెట్టిన మొరోగో ఆకూ పంపు. అమ్మమ్మ మోకాలు ఎలా ఉంది? ఆమెకు నా నమస్కారాలు.

నాన్నగారికి దగ్గు తగ్గిందా? ముప్పై ఏళ్ళు గనిలో తవ్వినా ఆ రాళ్ళలో ప్లాటినాన్ని కంటితో చూడనేలేదని అంటుంటారు కదా. నేనూ చూడలేదని చెప్పు.

నీ గావొపాలెల్వె