శాలువా వద్దు, తాళం తీయించండి

కాదండి, ఆవిడ మాకు చుట్టం కాదండి. మా ఊరు కాదు, మా వీధి కాదు. వాళ్ళు చర్చికి వెళ్తారు, మేము వెళ్ళం. మీరు అడగలేదు, నాకు తెలుసు. ఆవిడ తరఫున ఎవరు నోరు తెరిచినా మా కాలేజీలో ముందు అడిగేది అదేనండి, అందుకని ముందే చెప్పేస్తున్నాను.

అయ్యా,

ఆర్డీవో గారి దివ్యసముఖమునకు, ద్రాక్షారామం రోడ్డులో కాలువ పక్కన ఉన్న ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ మెస్సులో పనిచేయుచున్న గణేష్‌బాబు వ్రాసుకొను అర్జీ.

విషయం: మా కాలేజీ హెల్త్ సెంటర్ నర్సు ఆశాజ్యోతి గారికి తమ చేతుల మీదుగా జరిగిన సన్మానం గురించియు, ఆ సన్మానం వల్ల హెల్త్ సెంటర్‌కి పడిన తాళం తీయించుట గురించియు.

ఈ మాటలన్నీ మీ ఆఫీసు బయట టేబుల్ వేసుకుని అర్జీలు రాసే పెద్దాయన చెప్పారండి. సోమవారం అర్జీలు తీసుకునేటప్పుడు నేను వచ్చాను. లైన్లో నుంచున్నాను. నా వంతు వచ్చాక మీ గుమాస్తా గారు "ఏం బాబూ, ఏం కావాలి?" అన్నారు. నేను "మంచినీళ్ళు ఎక్కడండి?" అని అడిగి వచ్చేశాను. నాకు మనుషుల ముందు మాట రాదు. గోడ మీద మీ వాట్సాప్ నంబరు ఉంటే ఫొటో తీసుకున్నాను. ఫోన్లో అయితే చెప్పగలను. చదువు ఏడో తరగతిలో ఆగిపోయింది, తప్పులుంటే మన్నించవలెను.

తమరికి విన్నవించుకొనునది ఏమనగా,

1. ఆవిడ మెత్తగా మాట్లాడే మనిషి కాదండి. పొద్దున్నే మెస్సుకి వచ్చి "గోళ్ళు చూపించండి" అంటారు. ఆవిడ వస్తుంటే మేము గిన్నెల వెనక్కి పోతాం. నన్నయితే రోజూ తిడతారు. పోయిన వానాకాలం హాస్టల్లో పిల్లలకి వరసగా పచ్చకామెర్లు వచ్చాయి. అప్పుడు ఆవిడ ఇల్లు వదిలేసి హెల్త్ సెంటర్లోనే బల్ల మీద పడుకున్నారు. మా చేత నీళ్ళన్నీ కాయించారు. నీళ్ళు మరిగే దాకా మా నెత్తి మీద నుంచున్నారు. కామెర్లు తగ్గాయి. అందుకని కాలేజీ వార్షికోత్సవానికి ఆవిడకి సన్మానం చేద్దామన్నారు. అక్కడి దాకా బాగానే ఉందండి.

2. ఆవిడ ఆఫీసుకి వెళ్ళి నాకు సన్మానం వద్దు, గదిలో కుళాయి వేయించండి అన్నారు. హెల్త్ సెంటర్లో కుళాయి లేదండి. డ్రమ్ములో నీళ్ళు మగ్గుతో ముంచి పుళ్ళు కడుగుతారు. ఆఫీసు వ్యవహారాలు చూసే గంగాధర్ గారు ఏమన్నారంటే, "కుళాయికి పైనుంచి పర్మిషన్ రావాలి మేడమ్, శాలువాకి అక్కర్లేదు." ఆఫీసుకి టీ ఇవ్వడానికి వెళ్ళి నేను విన్నాను. అందరూ నవ్వారు కూడా.

3. సన్మానం రోజు సంగతి తమరికి తెలిసినదే. ఆవిడకి శాలువా కప్పారు, దండ వేశారు, మీ పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. సన్మానం అయిన మనిషి జనగణమన అయ్యే దాకా కుర్చీ దిగకూడదంటండి. అది మర్యాదంట. మీరు స్టేజీ దిగి కింద తివాచీ మీద మైకు దగ్గర మాట్లాడుతున్నారు. అదే టైములో మెస్సులో మీ భోజనాలకి కాసిన సాంబారు గుండిగ దింపుతుంటే గుడ్డ జారి మా వంట సత్తియ్య మావయ్య చేతుల మీద పడింది. ఆ రోజు మీ విస్తట్లో సాంబారు ఎందుకు వడ్డించలేదో ఇప్పుడు తెలిసింది కదండి.

నేను పరుగెత్తుకుంటూ వచ్చాను. స్టేజీ ముందు నుంచున్నాను. అంతమంది ఉన్నారు, నోరు పెగల్లేదు. ఆవిడే నన్ను చూశారు. కుర్చీలోంచి ముందుకి వంగి "ఏంట్రా?" అన్నారు.

"సాంబారండి" అన్నాను.

"ఎవరికి?"

"సత్తియ్య మావయ్యకండి."

ఆవిడ లేచారు. గంగాధర్ గారు మెట్ల దగ్గర అడ్డం వచ్చారు. "కూర్చోండి మేడమ్, ఆర్డీవో గారు మీ గురించే చెప్తున్నారు."

"చెప్పనివ్వండి. జరగండి."

మేము మావయ్య చేతులకి అప్పటికే పళ్ళపేస్టు రాసేశామండి. చల్లగా ఉంటుందని. హెల్త్ సెంటర్ గుమ్మంలో కూర్చోబెట్టాం. ఆవిడ చూసి "మీ బుర్రలు మండ, బొబ్బల మీద పేస్టేంట్రా" అని మావయ్యని స్టేజీ పక్కకి లాక్కొచ్చారు. లాక్కురాక ఏం చేస్తారండి, గదిలో కుళాయి లేదు కదా. అక్కడ మొక్కలకి నీళ్ళు పెట్టే పైపు ఉంది. ఆ పైపు తీసి మావయ్య చేతుల మీద పెట్టి అలాగే నుంచున్నారు. మెళ్ళో దండ ఉంది, శాలువా ఉంది. మావయ్య ఏడుస్తున్నాడు. "ఏడవకు సత్తియ్యా, చేతులు కదపకు, నేనున్నాను కదా" అంటున్నారు. నన్ను తిట్టే మనిషి అలా మాట్లాడతారని నాకప్పటిదాకా తెలీదు.

నీళ్ళు పారి మీ కోసం వేసిన ఎర్ర తివాచీ తడిసింది. అది నిజమేనండి.

4. మర్నాడు ఆవిడని ఆఫీసుకి పిలిచారు. ఆర్డీవో గారికి ఘోరమైన అవమానం జరిగింది, వారు మాట్లాడుతుండగా లేచి వెళ్ళిపోతారా, వారి కాళ్ళ కిందికి నీళ్ళు వదులుతారా అన్నారు. పళ్ళు, బొకే పట్టుకుని మీ బంగళాకి వెళ్ళి క్షమాపణ చెప్పుకోమన్నారు. వాళ్ళ ఫొటోగ్రాఫర్ కూడా వస్తాడంట. ఆవిడ "నేను చేసిన తప్పేంటో చెప్పండి, చెప్పుకుంటాను" అన్నారు. వాళ్ళు తాళంచెవి తీసేసుకున్నారు. ఆవిడ క్షమాపణ చెప్పి, మీ దగ్గర్నుంచి మాట వస్తేగానీ హెల్త్ సెంటర్ తెరవరంట. ఇప్పుడు ఆవిడ లైబ్రరీ గుమ్మంలో కూర్చుని పిల్లల బ్యాగులు చూస్తున్నారు. సన్మానం ఫ్లెక్సీ ఇంకా గేటుకే ఉంది. అందులో మీరు, చైర్మన్ గారు పెద్దగా ఉన్నారు. ఆవిడ కింద మూల చిన్నగా ఉన్నారు. రోజూ ఆ ఫ్లెక్సీ కిందనుంచే లోపలికి వస్తారు. చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోతుందండి.

5. ఇది రాయడానికి కారణం ఇది. మొన్న సెకండియర్ చదివే శ్రీదుర్గ గారికి మెస్సులో అన్నం తింటుంటే ఆయాసం వచ్చింది. ఆ అమ్మాయికి చిన్నప్పటి నుంచీ ఉందంట. మాస్కు పెట్టి మందు పీల్పించే మిషను హెల్త్ సెంటర్లో ఉంది. తాళం వెనకాల ఉంది. తాళంచెవి గంగాధర్ గారి జేబులో ఉంది. గంగాధర్ గారు కాకినాడలో ఉన్నారు.

ఆశాజ్యోతి సిస్టర్ గారు లైబ్రరీ నుంచి వచ్చి "తాళం పగలగొట్టండి" అన్నారు. వాచ్‌మన్ "నా ఉద్యోగం పోద్దమ్మా" అని చేతులు కట్టుకున్నాడు. లెక్చరర్లు ఫోన్లు చేస్తున్నారు. శ్రీదుర్గ గారి పెదాలు నీలంగా అయిపోతున్నాయి. నేను మెస్సులోంచి పచ్చడి బండ తెచ్చాను. అప్పటికి ఆటో వచ్చింది, సిస్టర్ గారు ఆ అమ్మాయిని ఒళ్ళో వేసుకుని వెళ్ళిపోయారు. టౌన్లో ఆసుపత్రిలో బతికించారు. ఆ రోజు రైల్వే గేటు వేసి ఉంటే ఏమయ్యేదండి? ఎవరికి పళ్ళు, బొకే పట్టుకుని వెళ్ళేవాళ్ళు?

ఈసారి ఎవరికైనా అలా అయితే ఆటో కోసం ఆగను. పచ్చడి బండ నా దగ్గరే పెట్టుకున్నాను. బెదిరించడం కాదండి, తర్వాత నా మీద కేసు పెడితే ముందే చెప్పానని ఉండాలని రాస్తున్నాను.

6. ఇది నేను రాయడమేంటి అని తమరికి అనిపించవచ్చు. నాకూ అనిపించింది. పిల్లలు రాస్తే మార్కులు కోస్తారని భయం. లెక్చరర్లకి ఉద్యోగాల భయం. సత్తియ్య మావయ్య చేతులు బాగయ్యాయి, మళ్ళీ గుండిగ దింపుతున్నాడు, కానీ "మనకెందుకురా, పెద్దోళ్ళ గొడవ" అంటాడు. ఆవిడ పైపు పట్టుకుని నుంచున్నప్పుడు మనకెందుకు అనుకోలేదు కదా మావయ్యా అంటే, కూరలు తరుగు అన్నాడు. తరుగుతున్నాను. మధ్యలో ఇది రాస్తున్నాను.

కావున తమరు దయచేసి హెల్త్ సెంటర్ తాళం తీయించి, తాళంచెవి ఆవిడ చేతికే ఇప్పించి, ఆ గదిలో ఒక కుళాయి వేయించవలెనని కోరుకుంటున్నాను. ఆ ఫ్లెక్సీ కూడా తీయించండి. ఇంకెప్పుడూ ఆవిడకి ఎవరూ సన్మానం చేయకుండా ఒక ఆర్డరు ఇస్తే ఇంకా మంచిది. ఒక్కసారి చేస్తేనే ఇంత అయ్యింది.

ఈ నాలుగు ముక్కలూ కోపంతో రాసినవైనా తమరు చిత్తగించి తీరవలెను.

ఇట్లు
తమ విధేయుడు
గణేష్‌బాబు
మెస్సులో కూరలు తరిగే కుర్రాడు

తా.క.: నీలం టిక్కులు పడ్డాయండి. చదివారన్నమాట. అయితే ఒక్కటి అడుగుతాను, ఎదురుగా ఉంటే అడగలేను. ఆ రోజు మీరు మాట్లాడుతూ మాట్లాడుతూ వెనక్కి తిరిగి ఖాళీ కుర్చీ చూశారు. తర్వాత పైపు దగ్గర మమ్మల్ని చూశారు. మాట ఆపేశారు. బూట్ల కిందికి నీళ్ళు వస్తున్నా కాళ్ళు తీయలేదు. వీళ్ళందరూ మీకు కోపం వచ్చిందని మీ పేరు చెప్పి తాళం వేశారు. నేను మిమ్మల్నే చూస్తున్నాను, నాకు మీ మొహంలో కోపం కనపడలేదు. దూరంగా ఉన్నాను కాబట్టి కనపడలేదా, లేకపోతే మీకు అసలు కోపమే రాలేదా అండి?