చివరిదాకా ఉన్న ఒక్కరు

పిన్నీ,

ఈ ఉత్తరం కోపంగానే మొదలుపెడుతున్నాను, ముందే చెప్తున్నా.

ఆదివారం మధ్యాహ్నం నా గడియారాల కొట్లోంచి మొట్టమొదటిసారి లైవ్ పెట్టాను కదా, పాత గోడగడియారం బాగుచేసి చూపిస్తానని. మొదట ఏడుగురు చూశారు. నేను గొంతు సవరించుకునేలోపు ముగ్గురయ్యారు. గడియారం మూత విప్పేసరికి నీ పేరొక్కటే మిగిలింది. మా ఆవిడ తలుపు చాటు నుంచి, "ఇంక కట్టెయ్యండి, పరువు పోతోంది" అని గొణిగింది. నేను కట్టలేదు. మా పిన్ని చూస్తోంది, అది చాలనుకున్నాను. మాట తడబడినప్పుడల్లా తెరమీద ఆ ఒకటి అంకె చూసుకుని ధైర్యం తెచ్చుకున్నాను. గంటసేపు చెమటలు కక్కుతూ పళ్లచక్రాల గురించి చెప్పాను. చివరికి గడియారం టిక్కుటిక్కుమంటే, "చూశావా పిన్నీ!" అని అందరి ముందూ, అంటే నీ ఒక్కదాని ముందే, అరిచాను.

నిన్న బాబాయి కొట్టుకొచ్చి అసలు సంగతి చెప్పాడు. "నువ్వు మొదలుపెట్టగానే మీ పిన్నికి కునుకు పట్టిందిరా. ఫోను దిండు పక్కన పెట్టుకుని గురకపెట్టింది. నెలరోజులుగా నిద్రపట్టక అల్లాడుతోంది పాపం."

నాకు తల కొట్టేసినట్టయింది. మా ఆవిడైతే నవ్వలేక చచ్చింది.

వచ్చే ఆదివారం అలారం గడియారం విప్పుదామనుకున్నాను. అది మోగితే నువ్వు లేస్తావు. అందుకని చేతిగడియారానికి మార్చాను. మూడింటికల్లా ఫోను ఛార్జింగ్‌లో పెట్టి, హాయిగా పడుకో.

నీ అక్క కొడుకు