రేపు వేదికపై నేను చదవని వాక్యం

ఇంట్లో అందరూ పంతులమ్మ అని పిలిచే నేను, తాపీమేస్త్రి పెద్ద కూతుర్ని, పురస్కారాల కార్యాలయంలో ప్రశంసాపత్రాలు రాసే ఉద్యోగినిని, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, పూర్తి తెలివిలో ఉండి ఈ వీలునామా రాస్తున్నాను. భయంగా ఉంది. భయపడుతున్నావంటే మతి సరిగ్గా ఉన్నట్టేనని దస్తావేజులు రాసే పెద్దాయన అన్నాడు.

రేపు మానవసేవకు ఇచ్చే అత్యున్నత పురస్కారాన్ని మంత్రిగారు ఆశ్రమం నడిపే గురువుగారికి అందజేస్తారు. మా కార్యాలయంలో ఒక పద్ధతి ఉంది. పత్రం రాసినవారే ప్రతి వాక్యాన్నీ స్వయంగా వెళ్లి విచారించాలి, వారే వేదికపై చదవాలి. చదివింది చదివినట్టే రాతిమీద చెక్కుతారు. “వేలమందికి చూపునిచ్చిన” అన్న వాక్యం నేను రాయలేదు, పైనుంచి వచ్చింది. గురువుగారి కంటి శిబిరంలో ఆపరేషన్ చేయించుకుని ఉన్న చూపు కూడా పోగొట్టుకున్నవాళ్ల ఇళ్లకు వెళ్లాను. అందులో మొదటి ఇల్లు మాదే. చూపు పోయింది మా పిన్నికి. రేపు ఆ వాక్యానికి బదులు వాళ్ల సంగతి చదువుతాను.

నాకు ముందు ఈ కుర్చీలో కూర్చున్నాయన కూడా ఒక మాట మార్చి చదివాడు. వారం తిరక్కుండానే ఇంట్లో మేడమెట్ల మీంచి జారిపడి పోయాడన్నారు. ఆయన ఇంటికి మేడ లేదు.

1. దీన్ని అమలు చేయవలసింది నాన్న. చదివి వినిపించవలసింది చెల్లెలు.

2. చెల్లెలికి నా సైకిలు, నిఘంటువు, రాతబల్ల. చెల్లీ, చదువే దీని కొంప ముంచిందని ఎవరైనా అంటే, వాళ్ల పిల్లల్ని ఏ బడిలో వేశారో అడుగు.

3. నాన్నకు నా గొడుగు, ఫ్లాస్కు. గురువుగారి ఆసుపత్రి గోడలు కట్టింది నాన్నే. నిన్న ఆశ్రమం మనుషులు ఇద్దరు వచ్చి, మర్యాదగా టీ తాగి, అమ్మాయి ఏ దారిన ఆఫీసుకు వెళ్తుందని అడిగారు. నాన్న సందులతో సహా చెప్పాడు. వాళ్లు వెళ్లాక సంగతి అర్థమై అన్నం ముట్టలేదు. “పొట్టేలు కొండను ఢీకొంటే కొండకేమవుతుందే తల్లీ?” అన్నాడు. నాన్నా, దారి చెప్పినందుకు నిన్ను నువ్వు తిట్టుకోకు. గోడమీది గురువుగారి పటం తీసెయ్యమని కూడా నేను అడగను.

4. రెండు నిమిషాలు నోరాడిస్తే నీ సొమ్మేం పోయిందని అడిగిన మా పర్యవేక్షకులకు ఏమీ లేదు. ఇన్నాళ్లూ నా మధ్యాహ్నం డబ్బాలోంచి తిన్నదే ఆయన వాటా.

5. పిన్నికి నా రేడియో, ఉన్ని శాలువా, వీధివైపు గది. అందరూ వద్దంటున్నా చెయ్యి పట్టుకుని నన్ను బడిలో దించింది ఆవిడే.

సాక్షి సంతకం తానే పెడతానని పిన్ని పట్టుబట్టింది. ఆస్తి పుచ్చుకునేవాళ్లు పెట్టకూడదని, పైగా నేను సంతకం చేస్తుంటే సాక్షి కళ్లారా చూడాలని పెద్దాయన మెల్లగా చెప్పాడు.

“సరేలే. రేపు నన్ను ముందువరసలో కూర్చోబెట్టు. గొంతు పెగలకపోతే నావైపు చూడు, నేను లేచి నిలబడతా,” అంది పిన్ని.

తేదీ: ప్రదానోత్సవానికి ముందురోజు, పట్టపగలు.

సంతకం: పంతులమ్మ

సాక్షులు:
దస్తావేజులు రాసే పెద్దాయన.
కింది వాటాలో బట్టలు కుట్టే అక్క. గురువుగారి పేరు వినగానే ఆవిడ లేచి వెళ్లిపోయింది. చెప్పులు మరిచిపోయానంటూ తిరిగొచ్చి, తలుపు గడియ పెట్టి, సంతకం చేసింది.