నూటికి తొంభై మూడు

ఏప్రిల్ 6, 2014, ఆదివారం

స్ట్రోకుతో పడిపోయిన కుడిచెయ్యి మళ్ళీ మాట వినాలంటే రోజూ నాలుగు ముక్కలు రాయమని ఆసుపత్రిలో కసరత్తు చేయించే పిల్ల చెప్పింది. ఏం రాయను అన్నాను. ఏదో ఒకటి, ఎవరూ చదవరుగా అంది. ఎనిమిదో తరగతితో బడి మానేసి పాలు పితకడానికి కూర్చున్నవాణ్ణి నేను. సంతకం, ఆవుల పేర్లు, వాన పడిందా లేదా. ఇంతకాలం రాసింది అంతే. అయినా రాస్తాను. చెయ్యి నాది. నా మాట వినకుండా ఎక్కడికి పోతుంది?

ఇవాళ వాన.

ఏప్రిల్ 8

వాన. వేళ్ళు లాగుతున్నాయి.

ఏప్రిల్ 12, శనివారం

సిగ్నీ నా మనవరాలు. మా బెరిట్ కూతురు. వాళ్ళ నాన్న అయోవా వైపు ఎక్కడో లారీ నడుపుతున్నాడు, క్రిస్మస్‌కి కార్డు పంపి ఊరుకుంటాడు. పిల్లని పెంచింది ఈ ఇల్లు, ఆ కొట్టం. చిన్నప్పుడే ఒక చలికాలం దూడ అడ్డం తిరిగితే భుజం దాకా చెయ్యి పెట్టి సరిచేసి బయటికి లాగింది. రక్తం కడుక్కుంటూ డాక్టర్నవుతాను తాతా అంది. పశువుల డాక్టరువా అన్నాను. కాదు, మనుషులకి అంది. ఆవులే నయం అన్నాను, ఫిర్యాదులు చెయ్యవు అన్నాను. నవ్వింది. కానీ మాట మార్చలేదు. ఈ రోజుకీ మార్చలేదు.

ముందు నాలుగేళ్ళు కాలేజీ చదివితే గానీ మెడికల్ స్కూలు వాళ్ళు మొహం చూడరట. ఆ కాలేజీ ఏదో మే ఒకటిలోగా తేల్చి డిపాజిట్ కట్టాలి. రెండు చోట్ల రమ్మన్నారు. ఒకటి గంట దూరంలో సర్కారు కాలేజీ. రెండోది మినెసోటా సరిహద్దు అవతల, ఎర్ర ఇటుకల కాలేజీ. పేరున్నది. వచ్చే వారం రెండూ చూస్తాం.

ఏప్రిల్ 17

సర్కారు కాలేజీ చూశాం. పార్కింగ్ బురద. జీవశాస్త్రం పాఠాలు చెప్పే ఆవిడ బూట్లు వేసుకుని వచ్చింది, మా కొట్టంలో వేసుకునే రకం. సిగ్నీని నేరుగా ల్యాబ్‌లోకి తీసుకుపోయి ఏదో కప్ప గుండె చూపించింది. ఇద్దరూ అక్కడే ఉండిపోయారు. నేనూ బెరిట్ బల్ల మీద కూర్చుని ఎదురుచూశాం.

ఆవిడ బయటికొచ్చాక అడిగేశాను. ఇక్కడ చదివినవాళ్ళలో ఎంతమంది డాక్టర్లవుతారు అని. దరఖాస్తు పెట్టినవాళ్ళలో సగం, కొన్నేళ్ళు సగం కూడా కాదు అంది. సిగ్గు లేకుండా చెప్పింది. ఎవరు అడిగినా మేం సిఫారసు ఉత్తరం రాస్తామండీ, ఎవర్నీ ఆపం, తేల్చుకోవాల్సింది వాళ్ళు అంది.

సగమట! సగం ఆవులు వట్టిపోయాయని నేను చెప్పుకునేవాణ్ణా ఎవరికైనా?

ఏప్రిల్ 19

ఇటుకల కాలేజీ. గడ్డి కత్తిరించి దువ్వినట్టుంది. టై కట్టుకున్న మనిషి నాకు కుర్చీ లాగి కూర్చోబెట్టాడు, అయ్యా అన్నాడు. ఇక్కణ్ణుంచి మెడికల్ స్కూళ్ళకి దరఖాస్తు పెట్టేవాళ్ళలో నూటికి తొంభై మూడు మందికి సీటు వస్తుంది అన్నాడు. మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ చెప్పాడు. మాకు ఒక కమిటీ ఉంది, ప్రతి పిల్ల గురించీ కమిటీయే ఉత్తరం రాస్తుంది, ఆ ఉత్తరానికి దేశమంతా విలువ ఉంది అన్నాడు.

ఇంకేం కావాలి?

దారి పొడుగునా సిగ్నీ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. నచ్చలేదా అంటే బాగుంది తాతా అంది. బెరిట్ నన్ను మోచేత్తో పొడిచింది, ఊరుకో నాన్నా అని.

ఏప్రిల్ 25, శుక్రవారం

టావెర్న్‌లో చేపల వేపుడు. ఆర్లన్ బ్రాందీ పోయించాడు. వాడూ నేనూ ఒకే బెంచి మీద బడి మానేసినవాళ్ళం. తొంభై మూడు సంగతి చెప్పాను. టావెర్న్ అంతా వినేటట్టు చెప్పాను. ఆర్లన్ నవ్వాడు. ఆవులు అమ్ముకున్నావు, ఇప్పుడు మనవరాలిని సంతలో ప్రదర్శనకి నిలబెడుతున్నావురా ఓర్విల్, రిబ్బన్ ఏ రంగుది కట్టమంటావు అన్నాడు. నీలం అన్నాను. మొదటి బహుమతి నీలమేగా. ఏడుపు మొహం నీకు పుట్టుకతోనే ఉంది, అందుకే నీ మనవడు టైర్లు మారుస్తున్నాడు అన్నాను. వాడు ఇంకో బ్రాందీ పోయించాడు.

ఏప్రిల్ 29

వంటింట్లో గొడవ. సిగ్నీ సర్కారు కాలేజీకి పోతానంది. ఆ ల్యాబ్‌లో మొదటి ఏడాదే పని ఇస్తానందట ఆ బూట్ల ఆవిడ. నాకు అక్కడ ఊపిరాడుతుంది తాతా, అక్కడ తెలీదని చెప్పినా ఎవరూ నవ్వలేదు అంది. బెరిట్ దాని వైపే. చదివేది అది నాన్నా, నువ్వు కాదు అంది.

ఆవులు అమ్మిన డబ్బు నాది, మాట కూడా నాదే అన్నాను. సగం మంది ఓడిపోయే చోటికి నా పిల్లని పంపను అన్నాను. బల్ల మీద కొట్టాను, ఎడమచేత్తో. ఉప్పు డబ్బా పడింది.

సిగ్నీ ఉప్పు ఎత్తింది. సరే తాతా అంది.

మే 1

ఇటుకల కాలేజీకి డిపాజిట్ కట్టాం. ఎండ బాగుంది.

ఆగస్టు 30

సిగ్నీని కాలేజీలో దింపి వచ్చాం. ఇల్లు ఖాళీ కొట్టంలా ఉంది.

డిసెంబర్ 21, ఆదివారం

సిగ్నీ వచ్చింది. బుగ్గలు లేవు. కెమిస్ట్రీలో సి గ్రేడు వచ్చిందట. పక్క పిల్లలందరూ ఆ పాఠాలు హైస్కూల్లోనే ఒకసారి చదివేసి వచ్చారట. మా హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్పింది ఫుట్‌బాల్ ఆడించే మాస్టారు. మొదట్లో గదినిండా ఉన్నవాళ్ళం, ఇప్పుడు వెనక వరసలన్నీ ఖాళీ తాతా అంది.

సర్కారు కాలేజీకి మారతానంది. ఆ ఆవిడకి రాసిందట, రమ్మందట.

సగం దూరం దున్ని ఎద్దుల్ని విప్పుకుని వచ్చినవాళ్ళు మన ఇంట్లో లేరు అన్నాను. మనకి ఎద్దులెప్పుడున్నాయి తాతా, ట్రాక్టరేగా అంది. నవ్వించడానికే అంది పాపం. నేను నవ్వలేదు. ఊరందరికీ ఏం చెప్పను అన్నాను.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. దాని మొహంలో ఏదో మూసుకుపోయింది. రాత్రి లెఫ్సె రొట్టె రెండు ముక్కలు కూడా తినలేదు. మారతానన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

ఫిబ్రవరి 9, 2016

సిగ్నీ ఫోన్ చేసింది. కొట్టం వాసన గుర్తొచ్చిందట, అంతే.

ఏప్రిల్ 23, 2017, ఆదివారం



సిగ్నీని కమిటీ పిలిచింది. ముగ్గురు కూర్చున్నారట, నీళ్ళు కూడా ఇచ్చారట తాగమని. నీ మార్కులకి మేం ఉత్తరం రాయలేం అన్నారట. ఆ కాలేజీ పిల్ల కమిటీ ఉత్తరం లేకుండా దరఖాస్తు పెడితే ఏ మెడికల్ స్కూలైనా మొదట అడిగేది ఎందుకు రాయలేదనే. నీకు వేరే దారి ఆలోచించుకోవడం మంచిది, ప్రజల ఆరోగ్యానికి చెయ్యాల్సిన పనులు చాలా ఉన్నాయి అన్నారట. చాలా మర్యాదగా అన్నారు తాతా అంది. ఏడవలేదు. పాలు విరిగిపోయాయని చెప్పినట్టు చెప్పింది.

మరి ఆ తొంభై మూడు అన్నాను. అది మేం అందరం పోయాక మిగిలినవాళ్ళ లెక్క తాతా అంది. ఉత్తరం రాసినవాళ్ళనే లెక్కపెడతారట. రాయనివాళ్ళు దరఖాస్తు పెట్టరు. పెట్టనివాళ్ళు లెక్కలోకి రారు.

ఫోన్ పెట్టేసి కొట్టంలోకి పోయాను. గోడమీద నా పలకలు ఇంకా ఉన్నాయి. కౌంటీలో ఎక్కువ పాలిచ్చే మంద అని ఏటేటా ఇచ్చినవి. పాలు తూచే మనిషి రాకముందే తక్కువిచ్చే ఆవుల్ని వేలానికి తోలేసేవాణ్ణి. అందరూ చేసేదే. ఆ టై మనిషి నా భాషలోనే మాట్లాడాడు, నాకు వినపడలేదు. వినదలచుకోలేదు.

పలకలు దించుదామని ఎడమచెయ్యి ఎత్తాను. అందలేదు.

ఏప్రిల్ 28, శుక్రవారం

టావెర్న్. ఏరా, మన డాక్టరమ్మ ఎలా ఉంది అన్నాడు ఆర్లన్. దరఖాస్తులు పెడుతోంది అన్నాను. నోట్లోంచి వచ్చేసింది.

మే 27, 2018

డిగ్రీ అయింది. పండగ వద్దంది. మాడిసన్‌లో ఏదో ల్యాబ్‌లో గాజు సామాను కడిగే పని దొరికిందట. మార్కులు పెంచుకుని ఒకటి రెండేళ్ళాగి మళ్ళీ ప్రయత్నించచ్చుగా అంది బెరిట్. చాలా మంది అలాగే చేస్తారట. సిగ్నీ తల ఊపింది, వినపడినట్టు మాత్రమే. పిల్లలో ఇంక ఏమీ మిగల్లేదు. నూనె అయిపోయిన ఇంజనుకి తాళం తిప్పినట్టుంది.

సెప్టెంబర్ 2

చర్చి తర్వాత కాఫీ దగ్గర గ్లాడిస్ అడిగింది, సిగ్నీ ఎక్కడుంది ఓర్విల్ అని. మాడిసన్ అన్నాను. అబద్ధం కాదు. మెడికల్ స్కూలు అక్కడే కదూ అంది. నేను కాఫీ తాగాను. పాస్టర్ వచ్చి భుజం తట్టాడు. ఆర్లన్ అందరి ముందూ లేచి నిలబడి, ఒరేయ్, నీలం రిబ్బన్ కొట్టేశావురా, ఒప్పుకుంటున్నా అన్నాడు. వాడు జీవితంలో దేనికీ ఒప్పుకున్నవాడు కాదు.

బెరిట్ ఆ వేళ తను పనిచేసే ఫ్యాక్టరీలో డ్యూటీలో ఉంది. ఎవరూ తనకి చెప్పకుండా ఉంటే బాగుండు.

అక్టోబర్ 21, ఆదివారం, ఉదయం

నిన్న చర్చి నేలమాళిగలో ల్యూటఫిస్క్ చేపల విందు. ఎప్పటిలాగే కంపు, ఎప్పటిలాగే వెన్న. సిగ్నీ చాలా రోజులకి వచ్చింది. వడ్డించడానికి నడుముకి గుడ్డ కట్టుకుంది. కాస్త తేరుకున్నట్టు కనపడింది. మధ్యాహ్నం నాతో ఆ బూట్ల ఆవిడ పేరు కూడా ఎత్తింది, ఉత్తరం రాద్దామనుకుంటున్నా తాతా అంది.

డాక్టరమ్మ చేత్తో వడ్డిస్తే చేప కూడా అరుగుతుంది అన్నారు ఎవరో. సిగ్నీ నా వైపు చూసింది. నేను బంగాళాదుంప కోసుకుంటున్నాను.

అప్పుడు ఆర్లన్ కుర్చీలోంచి పక్కకి ఒరిగిపోయాడు. నవ్వుతూ ఒరిగాడు, ఆటపట్టిస్తున్నాడనుకున్నాం. పళ్ళెం కిందపడింది. అందరూ లేచారు. లేచి దారి ఇచ్చారు. సిగ్నీకి. జరగండి జరగండి, డాక్టరమ్మని రానివ్వండి అన్నారు. గ్లాడిస్ ఫోన్ తీసింది, తీసి, మన పిల్ల ఉందిగా అని చేతిలోనే పట్టుకుని నిలబడింది. అందరూ అలాగే నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను. ఒక్క మాట అంటే సరిపోయేది. నేను అనలేదు.

సిగ్నీ మోకాళ్ళ మీద కూర్చుని వాడి మెడ పట్టుకుని చూసింది. తల ఎత్తి చుట్టూ చూసింది. నేను డాక్టర్ని కాదు అంది. ఎవరికీ అర్థం కాలేదు. నేను డాక్టర్ని కాదు, చదవడం లేదు, సీసాలు కడుగుతాను, ఎవరైనా ఫోన్ చెయ్యండి, ఏం చూస్తున్నారు, ఫోన్ చెయ్యండి అని అరిచింది. అరుస్తూనే రెండు చేతులతో వాడి ఛాతీ నొక్కడం మొదలుపెట్టింది. జుట్టు మొహం మీద పడింది. ఆపలేదు. అంబులెన్సు పక్క ఊరినుంచి రావాలి. వచ్చేదాకా ఆపలేదు.

కాసేపు ముందు పిలిచి ఉంటే అన్నాడు అంబులెన్సు కుర్రాడు. మామూలుగానే అన్నాడు. అతనికేం తెలుసు.

బయట కారు దగ్గర సిగ్నీ ఒకే ఒక్కటి అడిగింది. నేను అక్కడ ఓడిపోయానని చెప్పుకోడానికి నీకంత సిగ్గా తాతా అని.

అక్టోబర్ 24

ఆర్లన్‌ని పూడ్చిపెట్టాం. తర్వాత నేలమాళిగలో కాఫీ. పోసింది సిగ్నీయే, బల్ల చివరిదాకా వరసగా. నా కప్పు దాటి వెళ్ళిపోయింది.