ఆ ఉదయం నేల పొడిగానే ఉంది

అమ్మాయీ,

ఎలా ఉన్నావని అడిగే మొహం నాకు లేదు, కాబట్టి అడగను. అత్తగారి ఉత్తరం అనగానే విప్పకుండా చింపేస్తావేమో. నేను కోడలిగా ఉన్న రోజుల్లోనైతే చింపేసేదాన్నే. కానీ ఇది చదువు. ఫోన్ చేద్దామని నాలుగుసార్లు నంబరు నొక్కాను. నీ గొంతు వింటే నాకు నోరు పెగలదని తెలిసి పెట్టేశాను. కాగితమైతే మధ్యలో "ఉండండి అత్తయ్యా" అనదు.

ముందే చెప్పేస్తాను, లేకపోతే మళ్లీ దాటేస్తాను. మీ మామయ్య పడింది తడి నేల మీద కాదు. ఆ ఉదయం నేల పొడిగానే ఉంది. ఆయన తల ఒళ్లో పెట్టుకుని, అంబులెన్సు వచ్చేదాకా, అరగంటసేపు ఆ నేల మీదే చతికిలబడ్డాను. లేచాక చీర వెనక్కి తడిమి చూసుకున్నాను. చుక్క తడి తగల్లేదు. ఆయన పడింది నా వల్ల. నేనిచ్చిన మాత్ర వల్ల.

మతిమరుపు ముదిరాక ఆయన సంగతి నీకు తెలియంది కాదు. దీపాలు పెట్టేవేళకి మొదలు, పనికి టైమైపోతోందని బ్రష్షులు వెతుక్కునేవారు. మూడంతస్తుల పరంజా మీద తాడు కట్టుకోకుండా నిలబడి ముప్పై ఏళ్లు గోడలకి రంగులేసిన మేస్త్రి, టూత్‌పేస్టంతా పిండి బాత్‌రూమ్ తలుపుకి రెండు పూతలు పూశారు. నువ్వేమో కోప్పడకుండా, "మామయ్యా, అంచులు భలే నీటుగా వచ్చాయి" అన్నావు. ఆయన ఎంత పొంగిపోయారో! ఆ నెలలో మన ఇంట్లో అందరం నవ్వింది ఆ ఒక్కసారే.

నీకు చెప్పనిది ఒకటుంది. ఒక రోజు మంచం మీంచి లేవనివ్వలేదని నన్ను కొట్టారు. టార్చిలైటుతో, మోచేతి మీద. తలుపు తగిలిందని నీతో అన్నానే, అదే. నలభై ఆరేళ్ల కాపురంలో నా మీద చెయ్యెత్తని మనిషి. "ఎవరే నువ్వు? నా ఇంట్లో నీకేం పని?" అన్నారు. దెబ్బ నాలుగు రోజుల్లో తగ్గింది. ఆ మాట ఇంకా సలుపుతూనే ఉంది.

ఆ మర్నాడే మొదలుపెట్టాను. నిద్ర పట్టడం లేదంటే డాక్టరు నాకు రాసిన మాత్రలున్నాయి కదా. చొక్కాలకి కాజాలు కుట్టి దారం కోసే బ్లేడుతోనే ఒకదాన్ని సగానికి కోసి, పొడి చేసి, ఆయన పాలల్లో కలిపాను. నాకు పనిచేసింది ఆయనకి పనిచెయ్యదా అనుకున్నాను. చేసింది. ఆయన గురక వింటూ హాయిగా ఏడ్చాను. అంతే, రుచి మరిగాను. పదిహేడు రోజులు ఇచ్చాను. పొద్దున్నే తూలుతూ లేచేవారు, గోడ పట్టుకుని నడిచేవారు. "వయసు మీద పడింది కదమ్మా" అని నీతో నేనే అన్నాను. అది మాత్ర పని అని నాకు తెలుసు తల్లీ. తెలిసే వయసు మీదకి నెట్టాను.

ఆ ఉదయం నువ్వు డ్యూటీకి వెళ్లిపోయాక ఆయన బాత్‌రూమ్‌కని లేచారు. రెండడుగులు వేశారు. మూడోది వెయ్యబోతుంటే మోకాళ్లు మడతపడి పక్కకి ఒరిగిపోయారు. జారడం వేరు, కూలడం వేరు. నేను కళ్లారా చూశాను.

హాస్పిటల్లో అబ్బాయి "ఎలా పడ్డారమ్మా, నేలేమైనా తడిగా ఉందా?" అని అడిగాడు. "ఏమోరా, అమ్మాయి రోజూ తుడిచే కదా వెళుతుంది" అన్నాను. అందులో అబద్ధం లేదు చూడు. ఒక్క అబద్ధం ఆడకుండా నీ కాపురంలో నిప్పులు పోశాను. వాడు వరండాలో అందరి ముందూ నీ మీద అరుస్తుంటే నువ్వు తల వంచుకుని నిలబడ్డావు. ఎదురు ఒక్క మాట అనలేదు. భూదేవికున్నంత ఓర్పు ఈ పిల్లకి అనుకున్నాను. అనుకుని, ఆ ఓర్పు చాటున దాక్కున్నాను.

విరిగిన తుంటికి ఆపరేషనైన ఇరవై ఒకటో రోజున ఊపిరితిత్తులకి నిమ్ము చేరి ఆయన పోయారు. నువ్వు మీ అక్క ఇంటికి వెళ్లిపోయావు. వాడు నీ ఊసెత్తడు, నేనెత్తితే కంచం ముందు నుంచి లేచిపోతాడు. ఈ ఇంట్లో ఇప్పుడు మాట్లాడేది టీవీ ఒక్కటే.

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. పడనీ. ఆదివారం వాడికి సెలవు. ఎదురుగా కూర్చోబెట్టి అంతా చెప్పేస్తాను. నన్నేం చేసుకున్నా సరే. నువ్వు మాత్రం ఇంటికి రా. ఆ నింద నీది కాదు.

ఇట్లు,
నీకు మొహం చూపించలేని
అత్తయ్య

తా.క. అక్షరాలు వంకరపోయినందుకు ఏమీ అనుకోకు. ఆ మాత్ర ఇప్పుడు నేను పూర్తిదే వేసుకుంటున్నాను. పగలు కూడా తల దిమ్ముగా ఉండి చెయ్యి నిలవడం లేదు.


అత్తయ్యా,

మీ ఉత్తరం బస్‌స్టాప్‌లో చదివాను. నేనెక్కాల్సిన బస్సులు రెండు వెళ్లిపోయాయి.

ఓర్పు అని రాశారే, ముందు ఆ మాట కొట్టేయండి. తేలు కుట్టిన దొంగ అరవడు. నాది ఆ బాపతు.

నేల పొడిగా ఉందని మీరు చీర తడుముకుని తెలుసుకున్నారు. నాకు ఆ అవసరం కూడా లేదు. ఆ రోజు నేను నేల తుడవనే లేదు అత్తయ్యా. లేచేసరికే ఆలస్యమైంది. బకెట్ ముట్టుకోకుండా పరిగెత్తాను.

మరి నోరెందుకు మూసుకున్నానంటారా? నేనూ మామయ్యకి మాత్ర ఇచ్చాను కాబట్టి. రాత్రుళ్లు ఆయన వెనకే తిరిగి నిద్రలేక, ఫ్యాక్టరీలో బిస్కెట్ల ప్యాకింగ్ మెషిన్ దగ్గర ఒక రోజు నిలబడే కునికాను. పక్కనున్నావిడ చెయ్యి పట్టి లాగకపోతే నా వేళ్లు పోయేవి. ఇంటికొస్తూ మందుల షాపులో అడిగాను, "మా మామగారు అసలు పడుకోవడం లేదన్నా, ఏదైనా ఉందా?" అని. "జలుబు మాత్ర వెయ్యమ్మా, మత్తుగా ఉంటుంది. దీనికి చీటీ కూడా అక్కర్లేదు" అన్నాడు. జలుబు మాత్ర కూడా ఒక మందేనా అనుకున్నాను. అరటిపండు ముక్కలో గుచ్చి నోట్లో పెట్టేదాన్ని. నా చేత్తో పెడితే ఆయన ఏదీ వద్దనేవారు కాదు కదా.

పంతొమ్మిది రోజులు ఇచ్చాను. మీరు పాలల్లో, నేను పండులో. ఒకరికి తెలియకుండా ఒకరం. పైగా ఆయన బీపీ మాత్రలు ఎలాగూ ఉన్నాయి. అన్నీ కలిసి ఆయన కాళ్లలోకి దిగాయి.

మీ అబ్బాయి తడి నేల అని అరుస్తుంటే నాకేమనిపించిందో తెలుసా? హమ్మయ్య అనిపించింది. అజాగ్రత్త మనిషిని అనిపించుకోవడమే తేలిక. అందుకే ఆ నింద సంతోషంగా నెత్తిన పెట్టుకుని మా అక్క ఇంటికి వచ్చేశాను.

అయితే నన్ను తినేస్తున్నది ఇదీ కాదు. ఎమర్జెన్సీలో చిన్న డాక్టరమ్మ అడిగింది గుర్తుందా, "బీపీవి కాకుండా, నిద్రకి గానీ జలుబుకి గానీ ఇంకేమైనా ఇస్తున్నారా?" అని? మంచానికి అటు మీరు, ఇటు నేను. ఇద్దరం ఒక్కసారే "లేదండీ" అన్నాం. ఆవిడ అదే రాసుకుంది. ఆ సాయంత్రం ఆయన గొడవ చేస్తున్నారని మత్తు సూది వేశారు. ఆ తర్వాత ఆయన సరిగ్గా కళ్లు తెరిచి మనల్ని చూసింది లేదు. మనలో ఒక్కరు నిజం చెప్పినా ఆ సూది ఆపేవారో లేదో నాకు తెలీదు. ఇక ఎప్పటికీ తెలీదు.

ఆదివారం మీరొక్కరే చెప్పకండి. శనివారం షిఫ్టు దిగగానే వస్తాను. ముందు మిమ్మల్ని డాక్టరు దగ్గరికి తీసుకెళతాను. పూర్తి మాత్ర వేసుకుంటున్నానని అంత తేలిగ్గా ఎలా రాశారు మీరు? పగలంతా ఇంట్లో ఒక్కరే, తల దిమ్ము, చెయ్యి నిలవదు. మీరు పడితే లేపేదెవరు? ఉన్నపళంగా మానేయకండి, అదీ మంచిది కాదట. నేను వచ్చేదాకా కుర్చీ పక్కనే పెట్టుకుని, పట్టుకుని లేవండి. ఈసారి డాక్టరు అడిగినవీ అడగనివీ అన్నీ చెబుదాం.

మర్నాడు మీ అబ్బాయి ముందు మీ సగం మాత్ర మీరు చెప్పండి, నా మాత్ర నేను చెబుతాను. నన్ను మళ్లీ గుమ్మం తొక్కనివ్వకపోవచ్చు. మిమ్మల్నీ పొమ్మనవచ్చు. ఇక్కడ ఇంకో మంచం పడుతుందా అని అక్కని అడిగాను. పడుతుందంది.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. మీరూ నన్ను అడగకండి. క్షమించానని అనగలిగిన ఒక్క మనిషీ, పడడానికి ముందు రోజు సాయంత్రం నేను పెట్టిన పండు ముక్క తిని, నోరు తుడుచుకుని, "బాగుందమ్మా, ఇంకొకటి పెట్టు" అన్నారు.

ఇట్లు,
మీ కోడలు