బొమ్మ ఎప్పుడు పడాల్నో నువ్వే చెప్పేదానివి

అమ్మా,

ఉన్నప్పుడే నీకు అక్షరం రాకపాయె. నువ్వు లేనంక రాస్తున్న.

మన కోరుట్ల టాకీస్ కూలగొడుతున్నరు. దాని చరిత్ర రాస్తనని జగిత్యాల నుంచి ఒక పిల్ల అచ్చింది. బాపు రెండు గంటలు చెప్పిండు. బొమ్మ ఏసే మిషన్ తనెట్ల నడిపిండు, ఏ హీరోకు జనం ఎట్ల విరగబడ్డరు, అన్నీ చెప్పిండు. "మ్యాట్నీ రెండున్నర అంటే రెండున్నరే" అన్నడు. పోంగ పోంగ ఆ పిల్ల నన్నడిగింది, "మీ అమ్మ ఏం చేసేది అక్కా?"

"ఏం లేదు, ఇంట్లనే ఉండేది" అన్న.

నా నోట్లెకెళ్లి గట్లెట్ల అచ్చిందో! ఏండ్లకేండ్లు లేడీస్ గేటు కాడ టార్చిలైటు పట్టుకొని నిలబడ్డదానివి. చేసిన బీడీలు కార్ఖానల అప్పజెప్పి ఆడోళ్లు ఉరుక్కుంట అచ్చేదాక, "బొమ్మ ఎయ్యకు, మావోళ్లు ఇంక రాలె" అని బాపునే ఆపినదానివి. అయినా ఎవరన్న ఆలస్యమైతే, అయిపోయిన కథ చీకట్ల వాళ్ల చెవుల చెప్పేదానివి. నీ కాళ్ల కాడ కూసోని నేను గూడ ఇన్న.

ఆ పిల్ల పోయినంక వంటకు నిలబడితె కూర మాడింది. ఒక్క కాడ నిలబడబుద్ధి కాలె. స్టౌ బంద్ చేసి బస్టాండుకు ఉరికిన. ఆ పిల్ల బస్సుల కూసున్నది. కిటికీ పట్టుకొని రొప్పుకుంటనే అన్న, "రాసుకో బిడ్డ. మ్యాట్నీ రెండున్నరకు కాదు, మా అమ్మ ఎయ్యుమన్నప్పుడు పడేది."

"అమ్మ పేరేంది అక్కా?"

బాపు ఎన్నడు నిన్ను పేరు పెట్టి పిలువలె.

"రాజవ్వ" అని గట్టిగ ఒర్రిన. బస్సంత తిరిగి చూసింది.